ఏం కాదు అనేవాడి మడమ

పొడిచే గిత్తంటే రామాంజనేయులుకి భయం లేదు. ఇది ఊరంతా ఒప్పుకునే మాట. అద్దంకి వైపు, దర్శి వైపు ఎక్కడ బండ లాగుడు పందేలు జరిగినా, బరిలో గిత్తల పక్కన పొట్టిగా, నల్లగా, నెత్తికి ఎర్ర తువ్వాలు బిగించి, గొంతులోంచి ఒక వింత కూత తీస్తూ పరిగెత్తేవాడే రామాంజనేయులు. ఫోన్లలో ఆ పందేలు చూసేవాళ్ళకి అతని మొహం కంటే ఆ కూతే గుర్తు. నలభై ఏడేళ్ళ మనిషి. పదకొండేళ్ళుగా మిర్చి రైతు బాపయ్య గారి గిత్తలకి ఉలవలు పెట్టేదీ, ఒళ్ళు కడిగేదీ, కాడి కట్టి తోలేదీ అతనే. సొంతానికి సెంటు భూమి లేదు. ఆ గిత్తల పక్కన పరిగెత్తడమే అతని ఆస్తి అనుకోండి.

పరుగు కాక ఇంకో పనిలో కూడా అతనికి పేరుంది. ఆ పేరు ఫోన్లలో కనపడదు.

గిత్త కుంటితే మా వైపు ఇప్పటికీ వాత పెడతారు. పశువుల డాక్టరు వద్దంటాడు, వీళ్ళు ఆయనకి చెప్పకుండా పెడతారు. నలుగురు కలిసి తాళ్ళతో గిత్తని పడేస్తారు. పక్కన పత్తి కట్టె మంటలో కడ్డీ ఎర్రబడుతుంటుంది. కడ్డీ పట్టేది ముసలి చలమయ్య. తల పట్టేది రామాంజనేయులు. తల పట్టడమంటే బలంతో పని కాదు, బలమున్నవాళ్ళు కాళ్ళ దగ్గర ఉంటారు. రామాంజనేయులు మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ అరచేత్తో గిత్త కన్ను మూసి, దాని చెవికి నోరు ఆనించి మెల్లగా అంటాడు: "ఏం కాదురా, ఏం కాదు." ఉలవలు పెట్టేటప్పుడు వినే గొంతే అది. గిత్త నమ్ముతుంది. బిగదీసుకున్న ఒళ్ళు ఒక్క క్షణం వదులవుతుంది. సరిగ్గా ఆ క్షణంలో రామాంజనేయులు కుడి చెయ్యి పైకెత్తుతాడు. చలమయ్య కడ్డీ దించుతాడు.

చెయ్యెత్తడం ఒక్క రెప్పపాటు ముందైనా, వెనకైనా గిత్త విదిలిస్తుంది, కడ్డీ జారుతుంది. రామాంజనేయులుకి ఎప్పుడూ తప్పలేదు. "వాడు చెవిలో చెబితే బండరాయి కూడా మెత్తబడుద్ది" అని బాపయ్య గారు నలుగురిలో అంటే మన వాడు తల దించుకుని నవ్వుకునేవాడు. చేసేది మంచా చెడా అని ఏనాడూ ఆలోచించలేదు. పని అది, పేరొచ్చింది, అంతే.

కిందటేడు ఉగాది దాటాక అతని కుడి మడమ వెనక నొప్పి మొదలైంది. పత్తి మోడు గుచ్చుకుందేమో అనుకుని రెండు రోజులు వెతుక్కున్నాడు. మోడూ లేదు, ముల్లూ లేదు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మాత్రం ప్రాణం పోయినంత పనయ్యేది. పది అడుగులు పడ్డాక కాస్త సర్దుకునేది. సాయంత్రానికి మళ్ళీ మొదలు. నెలలు గడిచేసరికి మడమ పైన ఉండే తాడులాంటి నరం వేలంత లావు తేలింది. వేలితో నొక్కితే కళ్ళు చెమర్చేవి.

ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం కోటేష్.

అతనికి ముందు బాపయ్య గారి గిత్తలు తోలినవాడు కోటేష్. ఒక పందెంలో పడి తుంటి దెబ్బ తింటే, బాపయ్య గారు ఇంటికొచ్చి చూశారు, పళ్ళు తెచ్చారు, భుజం మీద చెయ్యి వేశారు. "ఏం కాదులేరా, నాలుగు రోజులు ఇంటిపట్టున ఉండు" అన్నారు. ఆ వచ్చే సోమవారమే రామాంజనేయులుకి కబురొచ్చింది. కోటేష్ ఇప్పుడు ఒంగోలు దారిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వచ్చేపోయే లారీలకి గేటు తీస్తుంటాడు. ఆ దారిన బస్సులో పోయిన ప్రతిసారీ రామాంజనేయులు అటు కిటికీ పక్కన కూర్చోడు.

కాబట్టి కుంటు దాచాడు. మెత్తటి దుక్కిలోనే గిత్తల్ని నడిపేవాడు. బాపయ్య గారు వస్తుంటే గిత్త వెనక్కి చేరి దాని తోక సర్దేవాడు. పందెంలో పళ్ళు బిగబట్టి పరిగెత్తి, అయ్యాక నీళ్ళ ట్యాంకరు చాటున కూలబడేవాడు. ప్రతి పొద్దునా కళ్ళు తెరవగానే గుండె దడదడ కొట్టుకునేది. ఇవాళ బయటపడుద్దేమో, ఇవాళే ఆఖరేమో. నొప్పి కంటే ఆ దడే అతన్ని ఎక్కువ తినేసింది.

పెళ్ళాం దగ్గర ఎన్నాళ్ళు దాగుతుంది? వెంకటేశ్వరమ్మ మిరప కోతల మేస్త్రమ్మ. ముప్పైమంది కూలీల్లో ఎవరు ఏ సాలులో కాయ వదిలేశారో గట్టు మీద నించుని చెప్పగలదు. గోడ పట్టుకుని దొడ్లోకి పోతున్న మొగుణ్ణి రెండు రోజులు చూసింది, మూడో రోజు నిలేసింది.

"కాలు చూపించు."

"ఏం లేదే."

"ఏం లేకపోతే చూపించు."

చూసింది. వేలు పెట్టి నొక్కింది. అతను కెవ్వుమన్నాడు.

"చలమయ్య మామని పిలవనా? ఒక వాత పెడితే పోద్దిగా!"

ఆమె వేళాకోళానికే అంది. కానీ రామాంజనేయులు మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. అది చూసి ఆమె నవ్వు ఆపేసింది. "గిత్తలకి మంచిదైంది నీకు చేదా?" అని నోటి దాకా వచ్చిన మాట మింగేసుకుంది.

బుధవారం ఒంగోలు తీసుకుపోయింది. ఎందుకు పోతున్నారంటే ఊళ్ళో ఏం చెప్పాలి? "నాకు మోకాళ్ళ నొప్పులని చెప్పు" అంది. అనడమే కాదు, ఆ రోజు నుంచి బాపయ్య గారి ఇంటి ముందు కుంటడం కూడా మొదలుపెట్టింది. ఒకరోజు కుడి కాలు కుంటేది, ఒకరోజు ఎడమ కాలు. "ఒక కాలు మీద ఉండవే తల్లీ" అని రామాంజనేయులు మొత్తుకునేవాడు.

ఒంగోలు డాక్టరు స్కానింగ్ తీయించి, తెర మీద నల్లటి చారలు చూపించాడు. పిక్కని మడమ ఎముకకి కట్టే తాడు ఇది, తెగలేదు, కానీ ఏళ్ళ తరబడి లాగి లాగి అరిగి లావెక్కింది అన్నాడు. కొయ్యక్కర్లేదు. మెట్టు అంచున నించుని మడమ దించే కసరత్తు రోజూ చెయ్యాలి, వాపు బిళ్ళలు ఇష్టమొచ్చినట్టు మింగకూడదు, దానితో పాటు వారానికొకసారి షాక్‌వేవ్. నాలుగు వారాలు. కరెంటు పెట్టడం కాదు, గాలి ఒత్తిడితో ఒక మొన ఆ తాడు మీద తడుతూ ఉంటుంది, ఆ దెబ్బలకి ఒంట్లో మానే గుణం మళ్ళీ లేస్తుంది అన్నాడు. వెంటనే తెలియదు, మూడు నెలలు పట్టొచ్చు, కొందరికి పనిచెయ్యకపోవచ్చు కూడా అని దాచకుండా చెప్పాడు.

రామాంజనేయులు అన్నిటికీ తలూపాడు. పక్క గదిలోకి పొమ్మన్నారు, పోయాడు. అక్కడ మొదలైంది అసలు భయం.

బోర్లా పడుకోమన్నారు. మొహం మంచానికున్న బెజ్జంలో పెట్టాలి, పాదాలు అంచు దాటి వేలాడాలి. వెనకేం జరుగుతుందో కనపడదు. కనపడేది గచ్చు మాత్రమే. ఎవరో లుంగీ పైకి మడిచారు. మడమ మీద చల్లటి జిగురు రాశారు. పడుకోబోయే ముందు ఓరకంట చూసిన పిడి గుర్తొచ్చింది. తుపాకీలా ఉంది, చివర ఇనప మొన. ఒక మెత్తటి చెయ్యి అతని చీలమండ పట్టుకుంది. ఆ చెయ్యి క్రిస్టీనా అనే చీరాల అమ్మాయిది, అక్కడ ఫిజియోథెరపిస్టు. మంచి పిల్ల. వణుకుతున్న ఆ పెద్దమనిషి పాదాన్ని చూసి జాలిపడి, ఎంతో మెత్తగా అంది:

"ఏం కాదండీ, ఏం కాదు."

అంతే. రామాంజనేయులు ఒళ్ళంతా ఒక్కసారి గడ్డకట్టింది. గిత్త చెవీ, మూసిన కన్నూ, అరచేతి కింద కొట్టుకునే రెప్పా, వెంట్రుకలు కాలిన కంపూ అన్నీ ఆ బెజ్జంలో కనపడ్డాయి. ఇప్పుడు ఈ పిల్ల రెండో చెయ్యి లేస్తుంది! మంచం మీద నుంచి దొర్లి లేచాడు. జిగురు కాలితో, ఒక చెప్పుతో, వరండా దాటి, మెట్లు దిగి రోడ్డున పడ్డాడు. వెనక వెంకటేశ్వరమ్మ రెండో చెప్పు చేత్తో పట్టుకుని పరిగెత్తింది. మోకాళ్ళ నొప్పుల మనిషి ఆ పరుగు పరిగెత్తడం ఊరివాళ్ళెవరూ చూడలేదు కాబట్టి సరిపోయింది.

బస్టాండు దగ్గర సిమెంటు బెంచీ మీద దొరికాడు. 

"సూదికి కూడా భయపడవు గదా, ఏమైందయ్యా నీకు?"

"ఆ పిల్ల ‘ఏం కాదు’ అందే."

"అంటే?"

"అట్టా అన్నాక ఏం జరుగుద్దో నాకు తెలుసే. నాకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు."  "ఎన్ని గిత్తలకి చెప్పానో. ఒక్కటి కూడా నమ్మకుండా ఉండలేదే. ప్రతిదీ నమ్మింది."

వెంకటేశ్వరమ్మ చెప్పు కింద పెట్టి, అతని కాలికి తొడిగింది. "పోనీ ఇంటికి పోదామా?" అంది. ఇంటికి పోతే ఏముంది? ఇవాళ కాకపోతే ఇంకో నెలకి కుంటు బయటపడుతుంది. గేటూ, ప్లాస్టిక్ కుర్చీ. అటూ భయమే, ఇటూ భయమే. ఎక్కువ భయం ఏదో తేల్చుకోలేక అక్కడే రెండు బస్సులు వదిలేశాడు. తర్వాత లేచి, వచ్చిన దారినే నడిచాడు.

క్రిస్టీనా కోప్పడలేదు. "మళ్ళీ పడుకుంటారా?" అంది.

"పడుకుంటానమ్మా. ఆ మాట మాత్రం అనొద్దు."

"ఏ మాటండీ?"

"ఏం కాదు అని. ఏమవుద్దో అది చెప్పండి."

ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. "నొప్పి పుడుతుందండీ. మొదట తట్టినట్టే ఉంటుంది, తర్వాత మీకు ఎక్కడ నొప్పో సరిగ్గా అక్కడే కొడుతుంది. రెండు వేల దెబ్బలు. మధ్యలో ఆపకపోతే నాలుగైదు నిమిషాలు. రేపు కాస్త ఎక్కువ నొప్పి కూడా ఉండొచ్చు. రెండు రోజులు పరుగులు పెట్టకూడదు. భరించలేకపోతే చెయ్యెత్తండి, ఆపేస్తాను."

"నేను ఎత్తాలా?"

"మీరే."

ఆ మాట నమ్మలేదు. మిషను టకటకటకమని మొదలవగానే, పట్టుమని పది దెబ్బలు పడకముందే చెయ్యెత్తాడు. ఆగింది. నిజంగానే ఆగింది. గదిలో చప్పుడు లేదు. క్రిస్టీనా ఏమీ అడక్కుండా కాచుకుని ఉంది. "ఊఁ" అన్నాడు. మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ ఆగింది. ఆ రోజు తొమ్మిదిసార్లు ఎత్తాడు. సగం సార్లు నొప్పికి కాదు, ఆగుతుందో లేదో చూడ్డానికి. ఐదు నిమిషాల పని పావుగంట పట్టింది. ఆ బెజ్జంలోంచి గచ్చు మీద చుక్కలు పడ్డాయి. అవి చెమటో కన్నీళ్ళో అతను ఎవరికీ చెప్పలేదు.

రెండో బుధవారం వచ్చేసరికి భయం పోయిందనుకుంటున్నారేమో. పోలేదు. మంగళవారం నుంచే అన్నం సయించేది కాదు. కానీ ఆరుసార్లే ఎత్తాడు. మూడో బుధవారం రెండుసార్లు. నొప్పి తగ్గిందా అంటే, మంచం దిగి వేసే మొదటి అడుగు ఇదివరకటంత కోసెయ్యడం లేదు, అంతవరకే. రోజూ ఇంటి మెట్టు అంచున నించుని మడమ పైకీ కిందకీ చేసేవాడు. దారిన పోయేవాళ్ళు చూస్తే కప్పు మీద పిల్లిని చూస్తున్నట్టు తల పైకెత్తేవాడు. గిత్తల్ని మాత్రం పరుగు పెట్టించకుండా నడకకే తిప్పుతున్నాడు. శివరాత్రి తిరునాళ్ళ పందెం ఇంకా మూడు వారాలుంది, ఇప్పుడే అలిసిపోకూడదని బాపయ్య గారికి చెప్పాడు.

మూడో బుధవారం ఒంగోలు నుంచి తిరిగొచ్చేసరికి బాపయ్య గారి దొడ్లోంచి పొగ కనపడింది. పత్తి కట్టె పొగ.

గబగబా దొడ్లోకి నడిచాడు. రెండు పళ్ళే వచ్చిన కుర్ర గిత్త, బుల్లోడని పిలుచుకునేది, వెనక కాలు సరిగ్గా మోపలేక నించుంది. మడమ పైన నరం వాచి ఉంది. అతను లేని పూట బాపయ్య గారి మనుషులు దాన్ని గట్టి నేల మీద పరుగు పెట్టించారు.

"వచ్చావా? నీ కోసమే ఆగాం" అన్నారు బాపయ్య గారు. ఆయన కళ్ళల్లో కూడా దిగులుంది. గిత్తలంటే ఆయనకి నిజంగా ప్రాణం. "తిరునాళ్ళకి లేవాలి వీడు. పట్టు."

అప్పటికే తాళ్ళు వేశారు. బుల్లోడు దబ్బున పడ్డాడు. నలుగురు కాళ్ళ మీద కూర్చున్నారు. చలమయ్య మంటలో కడ్డీ తిప్పుతున్నాడు. కుంటుతూ వచ్చిన వెంకటేశ్వరమ్మ గోడ పక్కన నిలబడిపోయింది. రామాంజనేయులు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అలవాటైన చెయ్యి తనంతట తనే పోయి గిత్త కన్ను మూసింది. నోరు చెవి దగ్గరికి పోయింది.

మాట రాలేదు.

అరచేతి కింద రెప్ప టపటపా కొట్టుకుంటోంది. ఆ కొట్టుకోవడం ఏమిటో ఇప్పుడు అతనికి తెలుసు. మంచం బెజ్జంలో మొహం పెట్టి తన రెప్పలు కూడా ఇలాగే కొట్టుకున్నాయి. చెప్పాలి. చెప్పకపోతే గిత్త వదులవ్వదు. వదులవ్వకపోతే కడ్డీ జారుతుంది. అందరూ చూస్తున్నారు.   గిత్త ఆగలేక గొంతులో ఒక మూలుగు మూలిగింది. ఆ మూలుగు వినగానే రామాంజనేయులుకి ఇంకేమీ తోచలేదు. ఆపండి అన్నట్టు కుడి చెయ్యి పైకెత్తాడు.

ఒంగోల్లో ఎత్తినట్టే ఎత్తాడు. మూడు వారాలుగా చెయ్యెత్తితే ఆగుతోంది కదా.

చలమయ్య పదకొండేళ్ళుగా చూస్తున్న చెయ్యి అది. కడ్డీ మంటలోంచి లేచింది.

"ఆపు! మామా, ఆపు! దించబాక!"

కూత వేసే గొంతది, ఊరంతా వినపడింది. అరుస్తూనే గిత్త పొట్ట మీదుగా అడ్డం పడి చలమయ్య మణికట్టు పట్టుకున్నాడు. కడ్డీ బుల్లోడి కాలికి బెత్తెడు దూరంలో ఆగింది. ఆ వేడికే నాలుగు వెంట్రుకలు చుర్రుమన్నాయి. ముసలాయన బిత్తరపోయాడు.

"నీకేమన్నా పిచ్చా? నువ్వేగా చెయ్యెత్తావ్!"

"ఏందిరా ఇది?" బాపయ్య గారు ముందుకొచ్చారు.

"వాత వద్దండి. నరం అరిగి వాచింది, కాల్చితే ఇంకా చెడుద్ది. పశువుల డాక్టరుకి చూపిద్దాం. పరుగు ఆపి, మెత్తటి నేల మీద మెల్లగా నడిపిస్తే దానంతటదే మానే గుణం ఉంటది. ఈ తిరునాళ్ళకి కాకపోతే ఇంకోదానికి లేస్తాడు."

"నీకెట్టా తెలుసురా?"

ఇక్కడ అబద్ధం చెప్పొచ్చు. ఫోన్లో చూశానని చెప్పొచ్చు, ఎవరో చెప్పారని చెప్పొచ్చు. ఆ అబద్ధాలు నోటి దాకా వచ్చాయి. కానీ అవి చెబితే బాపయ్య గారు నమ్మరు, కడ్డీ మళ్ళీ మంటలోకి పోతుంది. కోటేష్ కుర్చీ కళ్ళ ముందు మెదిలింది.  రామాంజనేయులు లేచి, చెప్పు విడిచి, లుంగీ మోకాలి దాకా ఎత్తి, వెనక్కి తిరిగి నించున్నాడు.

"ఒంగోలు పోయేది మా ఆడదాని మోకాళ్ళకి కాదండి. నా మడమకి."

గోడ పక్కన వెంకటేశ్వరమ్మ కుంటు మానేసి నిటారుగా నించుంది. ఇక దేనికి?

బాపయ్య గారు వంగారు. కాళ్ళు చూడ్డంలో ఆయనకి మించిన వాడు ఆ చుట్టుపక్కల లేడు. బొటనవేలితో మడమ వెనక నరం పట్టి, కింద నుంచి పైకి నొక్కుకుంటూ పోయారు. లావెక్కిన చోట ఆగారు. రామాంజనేయులు పళ్ళు బిగబట్టాడు గానీ కాలు వెనక్కి తీసుకోలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పది నెలలండి."

"దీంతోటే పరిగెత్తావా?"

"ఆఁ."

"తగ్గుద్దన్నారా?"

"తగ్గొచ్చన్నారు. ఇంకో బుధవారం ఉంది. ఆ తర్వాత రెండు మూడు నెలలు చూడాలంట."

బాపయ్య గారు లేచి చేతులు దులుపుకున్నారు. కాసేపు గిత్త వంక చూశారు. "తాళ్ళిప్పండి" అన్నారు మనుషులతో. ఇప్పారు. బుల్లోడు తడబడుతూ లేచి, ఒళ్ళు విదిలించుకుని, వాచిన కాలు గాల్లో పెట్టుకుని నించున్నాడు. చలమయ్య కడ్డీ తీసుకుపోయి కుడితి తొట్టి పక్క బురదలో గుచ్చాడు. అది చాలాసేపు సుయ్యిమంది.

రామాంజనేయులు ఇంకా అటు తిరిగే ఉన్నాడు. లుంగీ దించడం కూడా మరిచిపోయాడు. వెనక నుంచి భుజం మీద ఒక చెయ్యి పడింది. బరువైన చెయ్యి. ఆప్యాయంగానే పడింది.

"ఏం కాదులేరా" అన్నారు బాపయ్య గారు, ఎంతో మెత్తగా.

రామాంజనేయులు గబుక్కున వెనక్కి తిరిగి, ఆయన రెండో చెయ్యి ఎక్కడుందో చూశాడు.